ఆదివారం రాని కడుపునొప్పి (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాలు మూడూ బడి గురించే. జవాబులు రాస్తున్నది శ్రీకాకుళం జిల్లా హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళ పైన సైన్సు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ.

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది రాజాం దగ్గర పల్లెటూరు. నేనూ మా ఆయనా హైదరాబాద్‌లో బిల్డింగ్ పనుల్లో ఉన్నాం, పాప మా అత్తమ్మ దగ్గరుండి ఆరో తరగతి చదువుతోంది. ఐదు దాకా ఊళ్ళో బడికి ఎగురుకుంటూ వెళ్ళేది, పక్కూరి హైస్కూల్లో వేశాక పొద్దున్న లేస్తే కడుపునొప్పే. ఆదివారం మాత్రం రాదు. డాక్టరు గారు చూసి ఏం లేదన్నారు. మా అత్తమ్మ ఏషాలు వేస్తోంది అంటోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, రాజాం

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి ఫోన్ చేసి ఆ ఏషాలు అనే మాట ఆపించండి. ఆ నొప్పి నిజంగానే వస్తుంది. మనకి కోర్టు మెట్లెక్కాలంటే కడుపులో తిప్పేస్తుంది కదా, పిల్లలకీ అంతే, భయం నోట్లోంచి రాదు కడుపులోంచి వస్తుంది. ఆదివారం రావట్లేదంటే బడిలోనే ఎక్కడో ఏదో ఉంది, అదేంటో మనం వెతకాలి.

ఊళ్ళో బడిలో ఇద్దరే టీచర్లుంటారు, ఈ పిల్ల ఎవరి మనవరాలో వాళ్ళకి తెలుసు, జ్వరమొస్తే ఇంటికి కబురు పెడతారు. హైస్కూల్లో గంట కొట్టినప్పుడల్లా ఒక టీచరు మారతారు, అంతమంది వచ్చి వెళ్ళినా మీ పాప పేరు ఒక్కరికీ గుర్తుండకపోవచ్చు. పదకొండేళ్ళ పిల్లకి అది చాలా పెద్ద మార్పు. మీరు దూరంగా ఉన్నారు కాబట్టి ఫోనే దిక్కు, కానీ ఫోన్‌లో "బాగా చదువుతున్నావా" అని అడక్కండి, దానికి ఎవరైనా "ఆఁ" అంటారు. ఇవాళ అన్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు, ఇంటర్‌వెల్‌లో ఎక్కడున్నావు, నిన్ను ఏ పేరుతో పిలుస్తున్నారు, ఈ మూడూ అడగండి, ఒక్కరోజే కాదు రోజుకొకటి చొప్పున. ఇంకోటి, బాత్రూం గురించి తప్పకుండా అడగండి. గడియ లేదనో నీళ్ళు లేవనో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళే తాగకుండా బిగబట్టుకుని కూర్చునే ఆడపిల్లల్ని నేను ఎంతమందినో చూశాను, మనసు సంగతి పక్కన పెట్టినా దాంతోనే కడుపునొప్పి వస్తుంది.

ఎవరైనా పేర్లు పెట్టి ఏడిపిస్తున్నారని తెలిస్తే మాత్రం "పట్టించుకోకు" అనేసి వదిలెయ్యకండి. నార్వేలో ముగ్గురు మగపిల్లలు ఈ ఏడిపింపుల వల్లే ప్రాణాలు తీసుకున్నారని తెలిసి 1983లో దేశమంతా స్కూళ్ళలో ఒక కార్యక్రమం పెట్టారు, దాని వెనకున్న డాన్ ఓల్వేయస్ అనే ప్రొఫెసర్ చెప్పిన పనుల్లో ఒకటి చాలా మామూలుది, ఇంటర్‌వెల్‌లో పిల్లల మధ్య పెద్దవాళ్ళు ఉండాలి అని. మన దగ్గరేమో ఇంటర్‌వెల్ గంట కొట్టగానే మేమంతా టీకి స్టాఫ్‌రూంలోకి పోతాం, ఏడిపించేవాళ్ళకి సరిగ్గా ఆ పది నిమిషాలే దొరుకుతాయి. మీ అత్తగారిని ఒకసారి బడికి పంపించి క్లాస్ టీచరుతో ఇదే చెప్పించండి, గొడవ పెట్టుకోవద్దు, "మా గుంటకి ఇక్కడ ఎవరూ లేరమ్మా, కొంచెం చూసుకోండి" అంటే చాలు, ఏ టీచరూ కాదనరు. పెద్దవాళ్ళెవరైనా చెయ్యి చేసుకోవడమో తప్పుగా తాకడమో అయితే అది వేరే సంగతి, వెంటనే 1098కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: నేను మెళియాపుట్టి వైపు హైస్కూల్లో కొత్తగా చేరిన టీచర్ని. ట్రైనింగ్‌లో బడి వాతావరణం సానుకూలంగా ఉండాలి, పిల్లల సమగ్ర వికాసం అని రెండు రోజులు చెప్పారు. తిరిగొచ్చాక మళ్ళీ సిలబస్సు, స్లిప్ టెస్టులు, ఒక్కో క్లాసులో యాభై అరవై మంది. కొండ మీద నుంచి వచ్చే సవర పిల్లలు నోరే విప్పరు. బెత్తం లేకపోతే క్లాసు ఆగదని సీనియర్లు అంటున్నారు. వీటన్నిటికీ టైమెక్కడిది మేడమ్?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: తల్లీ, నీ వయసులో నేనూ ఇదే మాట అన్నాను కాబట్టి ముందు నా తప్పు ఒకటి చెప్తాను.

ఉద్దానంలో పనిచేస్తున్న రోజులు. ఎనిమిదో తరగతి, మొదటి పీరియడ్ నాదే. ఒక అబ్బాయి రోజూ లేటు, వచ్చి కూర్చున్న ఐదు నిమిషాలకి తల బల్ల మీద పెట్టేసేవాడు. రెండు వారాలు ఓపిక పట్టి ఒకరోజు లేపి చెయ్యి చాపమన్నాను. చాపాడు. అరచేతిలో బొటనవేలి కింద కాలిన మచ్చ ఉంది, ఇంకా పచ్చిగానే ఉంది. చూశాను, చూసి కూడా ఆ పక్కన కొట్టాను. వాడు ఏడవలేదు, చెయ్యి కూడా వెనక్కి తీసుకోలేదు, అది ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. తర్వాత మూడు రోజులు బడికి రాకపోతే ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నాన్నకి కిడ్నీలు పోయాయి. అప్పట్లో డయాలసిస్‌కి మా దగ్గర ఏమీ లేదు, శ్రీకాకుళమో విశాఖపట్నమో పోవాల్సిందే, వాళ్ళమ్మ ఆయన్ని తీసుకుని తెల్లారగట్ల బస్సెక్కేది. "రాత్రల్లా ఆడే కూకుంతాడమ్మా ఆళ్ళయ్య కాడ, నాకు కళ్ళు అగుపడవు" అంది వాళ్ళ నాయనమ్మ. చెల్లికి గంజి వార్చేది కూడా వాడే, ఆ మచ్చ అదే.

నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. హెడ్మాస్టారికి చెప్పి మొదటి పీరియడ్ స్టాఫ్‌రూం బెంచీ మీద పడుకోనిచ్చాం, లెక్కల మాస్టారు మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట కూర్చోబెట్టుకునేవారు, పొద్దున్న లేటైతే గేటు దగ్గర నిలబెట్టడం మానేశాం. టెన్త్ పాసయ్యాడు, రెండోసారికి.

పిల్లాడు బడికి తలకాయొక్కటే తెచ్చుకోడు కదమ్మా, కడుపూ నిద్రా ఇంట్లో జబ్బూ అన్నీ మోసుకొస్తాడు. అమెరికాలో ఏఎస్‌సీడీ అనే విద్యా సంస్థ 2007 నుంచి దీన్నే ఐదు మాటల్లో చెప్తోంది, పిల్లలు ఆరోగ్యంగా ఉండాలి, భద్రంగా ఉండాలి, బడిలో మనసు పెట్టగలగాలి, ఆసరా దొరకాలి, వాళ్ళ సత్తాకి తగ్గ చదువు ఉండాలి అని. ఇందులో ఆఖరిది ఒక్కటే మనం టెస్టు పెట్టి చూస్తాం, మిగతా నాలుగూ లేకుండా అది ఎలా వస్తుంది చెప్పు.

టైము అడిగావు. ఆ సంఘటన తర్వాత మా స్టాఫ్‌రూంలో ఒకటి చేశాం, అది నువ్వూ చెయ్యొచ్చు, ఒక్క సాయంత్రం పని. క్లాసులో పిల్లల పేర్లన్నీ పెద్ద కాగితం మీద రాసి గోడకి అంటించి, మార్కులు కాకుండా ఇంకేదైనా ఒక్క విషయం తెలిసిన పిల్లల పేరు ఎదురుగా ప్రతి టీచరూ ఒక టిక్కు పెట్టాలి, ఇంట్లో ఎవరున్నారు, ఏ ఆటంటే ఇష్టం, అలాంటిది ఏదైనా. ఫస్ట్ ర్యాంకోళ్ళకీ అల్లరోళ్ళకీ వరసగా టిక్కులు పడ్డాయి. మధ్యలో కొన్ని పేర్లకి ఒక్కటీ లేదు. మేం చాలాసేపు ఎవరం మాట్లాడుకోలేదు. ఆ పేర్లని తలా ఇన్ని పంచుకున్నాం, వాళ్ళతో రోజూ రెండు నిమిషాలు మాట్లాడాలి, అదీ పాఠం గురించి కాదు. అలా మాట్లాడితేనే ఒక ఆడపిల్ల వేళ్ళు ఎందుకు నల్లగా ఉంటాయో తెలిసింది, ఇంట్లో వాళ్ళమ్మతో కలిసి జీడిపిక్కలు కొడుతుంది, ఆ జీడి రసం కడిగితే పోయేది కాదు. చేతులు శుభ్రం లేవని ప్రేయర్‌లో ఆ పిల్లనే మేం అంతకుముందు ఎన్నిసార్లు పక్కన నిలబెట్టామో.

సవర పిల్లలు నోరు విప్పరు అన్నావు, వాళ్ళ భాషలో బాగానే మాట్లాడతారమ్మా, ఇంటర్‌వెల్‌లో విను. మీ బడికి అంత దూరం కూడా కాదు, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామ్మూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. నువ్వు పుస్తకాలు రాయక్కర్లేదు, ఒక ఇరవై మాటలు ఆ పిల్లల దగ్గరే నేర్చుకో, నీళ్ళు, అన్నం, రా, కూర్చో, కడుపు నొప్పా, ఇలాంటివి. నువ్వు తప్పు పలుకుతావు, వాళ్ళు నవ్వుతారు, నవ్వి సరిదిద్దుతారు. టీచరుకి నేర్పించిన పిల్ల మర్నాడు టీచర్ని ప్రశ్న అడగడానికి భయపడదు.

బెత్తం సంగతి. చట్టం అయితే 2009లోనే తేల్చేసింది, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది, అంటే గోడకుర్చీ వేయించడం, అందరి ముందూ "నీ మొహానికి చదువొకటా" అనడం కూడా అందులోకే వస్తాయి. పిల్లలు భయం, ఆందోళన లేకుండా మనసులో మాట చెప్పగలగాలని 29వ సెక్షన్‌లో ఉంది. సీనియర్లతో వాదన పెట్టుకోకు, నీ క్లాసు వరకు మానెయ్యి. మొదటి నెల గోల ఎక్కువవుతుంది, ఇది ముందే చెప్తున్నా, అవ్వకుండా ఉండదు. నియమాలు నాలుగు పిల్లల చేతే పెట్టించి బోర్డు పక్కన రాయించు, తప్పు చేసినవాడిని పక్కకి పిలిచి మాట్లాడు, అందరి ముందు వద్దు. ఆ నెల దాటేదాకా ఓపిక పట్టు.

ప్రశ్న: మా ఊరి బడిలో పేరెంట్స్ కమిటీ మెంబర్ని. మీటింగ్‌కి పిలిచి సంతకం పెట్టించుకుని పంపేస్తారు. నేను ఏడో తరగతి దాకే చదువుకున్నాను, ఏం అడగాలో తెలీదు.
– ఒక మెంబర్, చీపురుపల్లి

జవాబు: మీ చదువుతో పని లేదమ్మా. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళే ఉండాలి అని చట్టంలోనే రాశారు, అంటే ఆ కుర్చీ మీదే. మీటింగ్ రోజు కాకుండా మామూలు రోజు, చెప్పకుండా కాదు, హెడ్మాస్టారికి చెప్పే, ఇంటర్‌వెల్ టైముకి వెళ్ళండి. ఆడపిల్లల బాత్రూంకి గడియ పడుతోందా, లోపల బకెట్టు, నీళ్ళు ఉన్నాయా చూడండి. భోజనాల దగ్గర వరసలో ఆఖరి పిల్లకి కూర మిగులుతోందా చూడండి, ఎవరైనా ఒంటరిగా దూరంగా కూర్చుని తింటుంటే పక్కన కూర్చుని పేరు అడగండి. అవే తర్వాతి మీటింగ్‌లో చెప్పండి, రిజిస్టర్లో రాయించండి. రాసింది చదివి వినిపించాకే సంతకం పెట్టండి.