గంట మోత అయిపోయేదాకా ఆగు

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

డిసెంబరు నెలాఖరుకి జపాన్‌లోని క్యోటోలో ఉంటావని, అక్కడి శబ్దాలతో ఎలక్ట్రోఅకౌస్టిక్ రచన, అంటే రికార్డు చేసిన శబ్దాలను కోసి, అతికించి చేసే సంగీతం, చేస్తావని రాశావు. చాలా సంతోషం. నీ జాబితా చూశాను: షకుహాచి వేణువు, గుడిగంటలు, రైల్వే స్టేషన్ ట్యూన్లు, మంత్రపఠనం, వెదురు తోపులు. ఇన్ని వద్దమ్మా. అన్నీ కలిపితే టూరిజం వీడియో వెనక వేసే సంగీతం అవుతుంది. రెండు తీసుకో, చాలు. జపాన్ స్వరకర్త తోరు తకెమిట్సు 1960లో నీటి చుక్కల రికార్డింగులనే ముడిసరుకుగా పెట్టుకుని టేపు మీద ఒక రచన చేశాడు.

నన్నడిగితే మొదటిది గంట. మన గుడిగంటకు నాలుక లోపల ఉంటుంది. జపాన్ గుళ్లలో పెద్ద గంటను బయటినుంచి, వేలాడదీసిన దుంగతో కొడతారు. అసలు సంగతి దెబ్బ పడ్డాక మొదలవుతుంది. గంట మందం చుట్టూ ఒకేలా ఉండదు కాబట్టి బాగా దగ్గరగా ఉన్న రెండు స్వరాలు కలిసి పలుకుతాయి. అందుకే మోత పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. నీకు కావలసింది ఆ ఊగుడే. మోత ఆగిందనిపించినా రికార్డర్ ఆపకు, ఇంకో నిమిషం నడవనివ్వు.

డిసెంబరు 31 రాత్రి, మనిషిని పట్టుకున్న 108 మనోమాలిన్యాల పేరున గంట 108 సార్లు కొడతారు. క్యోటోలోని చియోన్-ఇన్ ఆలయం గంట దాదాపు 70 టన్నులు. 17 మంది భిక్షువులు కలిసి తాళ్లు లాగి మోగిస్తారు. తప్పకుండా చూడు. రికార్డింగుకి మాత్రం ఏదైనా చిన్న వీధి గుడికి వెళ్లు, అక్కడైతే జనం మాటలు తక్కువ. ముందే అనుమతి అడుగు.

రికార్డర్ నాణ్యత 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకో. తర్వాత శ్రుతిని ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దించినా శబ్దం మొద్దుబారదు. గట్టి దెబ్బ రికార్డర్ మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకో. మైకుకి బొచ్చు కవరు, జేబులో ఇంకో జత బ్యాటరీలు. చలికి త్వరగా దిగిపోతాయి.

రెండోది నీరు. ఎన్కోజి ఆలయం తోటలో సుయికిన్‌కుత్సు ఉంది. నేలలో బోర్లించి పాతిన కుండ అది. పైనున్న చిన్న రంధ్రంలోంచి చుక్క జారి అడుగున నీళ్లలో పడితే కుండంతా మోగుతుంది. వెదురు గొట్టానికి చెవి ఆనించి వింటారు. మైకు పెట్టేముందు నువ్వు చాలాసేపు చెవి పెట్టు.

తిరిగొచ్చాక, ఫ్రెంచ్ స్వరకర్త పియేర్ షెఫేర్ 1948లో పారిస్ రేడియోలో చేసినట్టు, గంట మోతలోంచి మొదటి దెబ్బ కోసేసి చూడు. అది గంటేనని పోల్చుకోవడం కష్టం. ఆ మోతను నీటి చుక్క వెనక అతికించి విను. రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు కలిపే ప్రతిధ్వని) మాత్రం చివరిదాకా ముట్టుకోకు. అది ఎక్కువైతే ఏ శబ్దమైనా భక్తిగానే వినిపిస్తుంది, అందులో నీ మనసు ఏముందో నీకే తెలియకుండా పోతుంది.

ఆత్మపరిశీలన ఎలా చూపించాలని అడిగావు. వాయిస్ ఓవర్ వద్దు. రెండు దెబ్బల మధ్య ఖాళీలో మనసు ఎటు పోయిందో అక్కడే నోట్‌బుక్‌లో ఒక ముక్క రాసుకో. ఎడిటింగ్‌లో ఆ ఖాళీ ఎంతసేపు ఉంచాలో ఆ ముక్కను బట్టి తేల్చుకో. రికార్డింగులో నీ ఊపిరి వినపడితే తుడిచేసే తొందర పడకు; అక్కడ నిలబడి విన్నది నువ్వే కదా.

ఏ రోజు రికార్డింగులు ఆ రోజే రెండు చోట్ల కాపీ చేసుకో. మొదటి డ్రాఫ్ట్ ఐదు నిమిషాలు మించకుండా పంపు, స్పీకర్ల మీద విని చెబుతాను.