చేపలు మొదట చచ్చింది ఎప్పుడు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్లుగా చెన్నై తిరువొత్తియూరులో ఉంటున్నాం. ఊరికి ఉత్తరాన, సముద్రపు మొగకి దగ్గర్లో చెరువు కౌలుకి తీసుకుని పండుగప్ప పెంచుతున్నాను. పక్క చిత్తడి నేలలో ఒకాయన లేఅవుట్ కోసం కాలువ తవ్వి, ఆ నీళ్లు క్రీక్‌లోకి వదిలాడు. 2023 నవంబరు వానలకి కొన్ని చేపలు పోయాయి. మత్స్యశాఖలో అర్జీ ఇస్తే ఎవరూ రాలేదు. 2025 ఆగస్టులో కాలువ ఇంకా లోతు చేశాడు. అక్టోబరు వాన తర్వాత పోటుకి తూము తీసి నీళ్లు పెట్టాను, తెల్లారేసరికి చెరువంతా చేపలు చచ్చి తేలాయి. అదే రోజు బ్లీచింగ్ చల్లి పాతిపెట్టాం. కాలువ గట్టు ఫోటో పంపుతున్నాను. పన్నెండు లక్షల నష్టం. మా అమ్మాయి పెళ్లి వాయిదా పడింది. బాటిల్లో నీళ్లు పట్టి ప్రైవేటు ల్యాబ్‌లో ఇస్తే పీహెచ్ 4, అంటే నీళ్లు బాగా ఆమ్లంగా ఉన్నాయి అన్నారు. 2023 సంగతి ఎత్తకుండా, ఇప్పుడే మొదటిసారి జరిగిందని కేసు వేయమని తెలిసినాయన అంటున్నాడు. వేయవచ్చా? (డిసెంబరు 2025)

జవాబు: పెళ్లి సంగతి పక్కన పెట్టండి. మీ కేసు నిలిచేదీ పోయేదీ 2023 నవంబరు దగ్గరే.

ఇలాంటి తగాదాలకి సివిల్ కోర్టు కాదు, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్. దక్షిణ మండల బెంచి చెన్నైలోనే ఉంది. 2010 చట్టం సెక్షన్ 14 కింద కాలువ ఆపమని అడగాలంటే గడువు ఆరు నెలలు. సెక్షన్ 15 కింద నష్టపరిహారానికి అయిదేళ్లు. తగిన కారణం చూపితే రెండింటికీ అరవై రోజులు అదనం, అంతే. రెండు చోట్లా లెక్క మొదలయ్యేది దావా వేయడానికి కారణం ‘మొదట’ తలెత్తిన రోజు నుంచి. పరిహారానికి 2028 నవంబరు దాకా టైముంది, టెన్షన్ అక్కర్లేదు. కాలువ ఆపించడానికి మాత్రం 2023 లెక్కన ఎప్పుడో గడువు దాటింది.

అందుకే ఆ పెద్దమనిషి తేదీ దాచమన్నాడు. అస్సలు చేయకండి. మీ అర్జీ మీద మత్స్యశాఖ ముద్ర ఉంది. అవతలి లాయరు సమాచార హక్కు కింద దాన్ని తీసి ముందు పెడితే, అఫిడవిట్‌లో అబద్ధమాడినందుకు గడువున్న పరిహారం కూడా చేజారుతుంది. పైగా దాయాల్సిన పనే లేదు. ఆగస్టులో లోతు చేశాడని ఒక్క ముక్కలో రాసి వదిలేశారే, మీ కేసుకి ప్రాణం అదే. అది కొత్త పని. బెంగళూరు అగర, బెళ్లందూరు చెరువుల కేసులో 2015లో ట్రిబ్యునల్ మళ్లీ మళ్లీ తలెత్తే కారణం గురించి వివరంగా చర్చించింది. 2023నీ 2025నీ రెండూ రాసి, రెండోది వేరే కారణమని చెప్పండి. ఆగస్టు నుంచి లెక్కేస్తే ఫిబ్రవరితో ఆరు నెలలు నిండుతాయి. జేసీబీ ఏ రోజు వచ్చిందో చెప్పే సాక్షి, ఉపగ్రహ చిత్రాలు ఇప్పుడే సంపాదించండి.

ఇక సాక్ష్యం. బాటిల్ నీళ్లు మీకు ధైర్యం ఇస్తాయేమో గానీ, ఎవరు పట్టారు, ఎక్కడ పట్టారు అని అడిగితే జవాబు లేదు. కాలుష్య నియంత్రణ బోర్డు అధికారి కూడా 1974 జల చట్టం సెక్షన్ 21 ప్రకారం అవతలివాళ్లకి నోటీసిచ్చి, నమూనాని రెండు భాగాలు చేసి సీలు వేస్తేనే ఆ ఫలితం న్యాయస్థానంలో చెల్లుతుంది. పైగా ఉప్పునీటికి ఆమ్లాన్ని విరిచే గుణం ఉంది. నాలుగు పోట్లు వచ్చి పోతే పీహెచ్ మామూలైపోతుంది. అడగాల్సింది నేలని. మీరు పంపిన ఫోటోలో కాలువ గట్టు మన్ను మీద పసుపు చారలు ఉన్నాయి. అది అనుమానించాల్సిన గుర్తు. కేరళలోని కుట్టనాడు కరి నేలల్లాంటి చోట్ల అడుగు మట్టిలో ఇనుప సల్ఫైడు ఉంటుంది. నీళ్లకింద ఉన్నంతకాలం దానివల్ల హాని లేదు. తవ్వి గాలి తగిలిస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది, తొలి వానకి అల్యూమినియంతో కలిసి దిగుతుంది, చేప మొప్పలు పాడవుతాయి. మీ నేల అదేనా అన్నది పరీక్షే తేల్చాలి. ఆ మట్టిని కవరులో తెరిచి పెట్టుకుంటే అక్కడే ఆమ్లంగా మారుతుంది, అవతలివాడికి అదే సాకు. గాలి చొరకుండా కట్టి, ఐసులో పెట్టి, సాక్షుల ఎదుట తీయించాలి.

చచ్చిన చేపల్ని అదే రోజు బ్లీచింగ్ చల్లి పాతిపెట్టామని రాశారు. పది చేపల్ని ఐసులో ఉంచడానికి ఏమైంది? ఆక్సిజన్ చాలక చచ్చాయని అవతలివాళ్లంటారు. మొప్పల పరీక్ష ఉంటే అక్కడే నోరు మూయించేవాళ్లం. ఇప్పుడు క్రీక్‌లో వల వేసేవాళ్ల వాంగ్మూలాలు, తేదీలున్న ఫోటోలు సేకరించండి. ఫోన్ మార్చకండి. ఫోన్ ఫోటోలు సాక్ష్యంగా చెల్లడానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రం దానితోనే ఇవ్వాలి.

ఇంకో ప్రశ్న: చెరువుకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ (తీరప్రాంత చేపల, రొయ్యల చెరువుల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా? కౌలు కాగితం మీద మీ పేరుందా? లేకపోతే అవతలివాళ్లు మొదట పట్టుకునేది అదే.

ముందు బోర్డుకి, మత్స్యశాఖకి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపి, నమూనా తీయమని అడగండి. వాళ్ల జవాబు కోసం ఆగకండి. జనవరిలోపు సెక్షన్ 14, 15 రెండూ కలిపి దరఖాస్తు వేయండి. అడిగిన మొత్తంలో ఒక శాతం ఫీజు, అంటే పన్నెండు వేలు. చేప పిల్లల కొనుగోలు బిల్లులు, మేత బిల్లులు, కౌలు పత్రం, 2023 అర్జీ రసీదు అసలు ప్రతులే తీసుకుని లాయరు దగ్గరకి వెళ్లండి, జిరాక్సులతో కాదు.