వార్డులో నీ మిషన్ పెట్టే ముందు

నాన్నా,

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇన్ఫెక్షన్‌ని ముందే పసిగట్టే ప్రోగ్రామ్ తయారుచేసి, మన విజయనగరంలోనే మొదలుపెడతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నాకు క్యారేజీ తెచ్చి, నేను పనిచేసే వార్డు తలుపు అద్దంలోంచి తొంగిచూసిన పిల్లాడివి నువ్వేనా అనిపించింది. గర్వంగానే ఉంది గానీ రాత్రి నిద్ర పట్టలేదు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. లాప్‌టాప్ తుడవకుండా లోపలికి తేకు, మోచేతుల దాకా చేతులు కడుక్కో. కరెంటు పోతే రికార్డు ఎక్కడ తెగిందో తెరమీద కనపడాలి. 28 వారాలకే పుట్టిన బిడ్డకి ప్లాస్టర్ పీకితే చర్మం కూడా ఊడొస్తుంది, నీ డేటా కోసం గుండె కొట్టుకోవడం పట్టే ఎలక్ట్రోడ్ ఇంకోటి అతికించమని ఏ సిస్టర్‌నీ అడగకు.

ఇక అసలు సంగతి. చాలా ఏళ్ల కిందట, ఆసుపత్రి పేరు వద్దులే, సాలూరు అవతల కొండల మీద నుంచి వచ్చిన ఒక తల్లి, కిలో దాటీ దాటని బిడ్డ. పుట్టి వారమైంది, పాలు పడుతున్నాయి, అందరం ధైర్యంగా ఉన్నాం. సాయంత్రం ఆ తల్లి, "నిన్నట్లాగ నేదమ్మా, గుండెల మీద ఏసుకుంటే మెత్తగా జారిపోతంది" అంది. డ్యూటీ డాక్టరు చార్టు చూశాడు. గంటగంటకీ రాసిన గుండె వేగం బాగుంది, ఆక్సిజన్ బాగుంది, జ్వరం లేదు. "అన్నీ నార్మలే" అని వెళ్లిపోయాడు. తెల్లవారుజామున బిడ్డ ఊపిరి ఆగి ఆగి తీసింది, పొట్ట ఉబ్బింది, మధ్యాహ్నానికి లేదు. ఆ తల్లి ఎవర్నీ ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ నన్ను కోస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ గుండె ఎప్పుడూ ఒకే వేగంతో కొట్టుకోదు, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య కాస్త తేడా ఉంటూనే ఉంటుంది. ఇన్ఫెక్షన్ వస్తుంటే, మన కంటికి ఏమీ కనపడకముందే, ఆ తేడా తగ్గిపోతుంది, మధ్యమధ్యలో వేగం కాసేపు పడిపోయి లేస్తుంది. గంటకోసారి రాసే అంకెలో ఇది దొరకదు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు దీన్నే స్కోరుగా మార్చారు, అది పెరిగితే బిడ్డకి ప్రమాదం పెరుగుతున్నట్టు. 2011లో వచ్చిన వాళ్ల ట్రయల్‌లో కిలోన్నర లోపు పిల్లలు 3,003 మంది. స్కోరు కనపడని గుంపులో 10.2 శాతం పోతే, కనపడిన గుంపులో 8.1 శాతం. ఫలానా మందు ఇవ్వమని డాక్టర్లకి ఎవరూ చెప్పలేదు, స్కోరు చూపించారు, వాళ్లు బిడ్డని చూసుకున్నారు.

నా భయమంతా ఇక్కడే ఉంది. స్కోరు పెరగ్గానే యాంటీబయాటిక్ ఎక్కించేస్తారేమో. ఆపరేషన్ అయినా, ఊపిరి ఇబ్బంది వచ్చినా, కొన్ని మందులిచ్చినా అది పెరుగుతుంది నాన్నా, మన దగ్గర క్లెబ్సియెల్లా లాంటి క్రిములు ఇప్పటికే మందులకి లొంగడం లేదు. అంతకన్నా భయం, స్కోరు తక్కువుందని తల్లి మాట కొట్టిపారేస్తే? అందుకే నీ తెరమీద ఆమె మాటకి ఒక గడి పెట్టు. పాలు తగ్గాయి, ఒళ్లు మెత్తబడింది, రంగు మారింది అని సిస్టర్ ఒక్క వేలితో నొక్కగలగాలి, నొక్కితే స్కోరు ఎంతున్నా డాక్టరుకి ఫోన్ వెళ్లాలి.

ఆరు నెలల్లో శ్రీకాకుళం, పార్వతీపురం కూడా అన్నావట. ఏటిరా ఆ తొందర? వాళ్ల స్కోరు ముఖ్యంగా మూడు రోజులు దాటాక వచ్చే ఇన్ఫెక్షన్ల కోసం, మన వార్డుల్లో చాలామందికి ఆలోపే వస్తుంది. ముందు కొన్నాళ్లు ఎవరికీ చూపించకుండా నడిపి, రక్తంలో క్రిములు పెరుగుతున్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ రిపోర్టులతో సరిచూసుకో. కోప్పడుతున్నానని అనుకోకు, ఈ పని నువ్వే చెయ్యాలని నాకు ఎంత ఆశో నీకు తెలీదు.

నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే ఇప్పుడు అక్కడ హెడ్ సిస్టర్. అడిగాను, సూపరింటెండెంట్ గారి పర్మిషన్ తెస్తే నైట్ డ్యూటీలో కూర్చోనిస్తానంది. అర్ధరాత్రి దాటాక ఒక్క సిస్టర్ పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు ఎన్ని చూస్తుందో లెక్కపెట్టు, అలారం ఎప్పుడు మోగాలో ఆ తర్వాత కూర్చుని మాట్లాడదాం. లోపల వెచ్చగా ఉంటుంది, పల్చటి చొక్కా వేసుకో, అన్నం తినకుండా మాత్రం వెళ్లకు.

మీ అత్త