నది మధ్య రాయి

చిట్టితల్లికి,

నర్మదా పరిక్రమ బాటలో ఒక్క రోజు నడిచి వస్తానన్నావని నిన్న మీ నాన్న చెప్పాడు. మహేశ్వర్ నుంచి మండలేశ్వర్ దాకా, అదీ ఒక్కదానివే! నా మేనకోడలివి అనిపించుకున్నావు. రాత్రి మాత్రం కంటిమీద కునుకు లేదు.

దూరం పది కిలోమీటర్లకు అటూ ఇటూ. అహల్యాబాయి కోట కింది ఘాట్ నుంచి ఉత్తరపు ఒడ్డున ఎగువకు నడువు. నది కుడిచేతి వైపే ఉండాలి, పరిక్రమవాసుల పద్ధతి అది. 1,312 కిలోమీటర్ల నదిని చుట్టి వచ్చేవాళ్లు మధ్యలో ఎక్కడా దాటరు. ఎవరైనా ‘నర్మదే హర్’ అంటే నువ్వూ అను. కొత్త బూట్లు వద్దు. తెల్లవారుతూనే బయల్దేరు.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

అదే బాటలో మేమిద్దరం నడిచినప్పుడు మధ్యాహ్నానికి అలసిపోయాం. నది చెరువులా నిలకడగా ఉంది. ఒడ్డుకు కాస్త దూరంలో వెడల్పాటి రాయి కనిపించింది. చీలమండ లోతు నీళ్లలో నడిచి వెళ్లి దాని మీద కూర్చున్నాం. అన్నం తిన్నాక మీ నాన్న నిద్రపోయాడు. ఎక్కడో సైరన్ మోగింది. ఏ మిల్లుదో అనుకున్నాను. ఎగువన ఆనకట్టలున్నాయని నాకు తెలుసు. 2005 ఏప్రిల్‌లో ధారాజీ దగ్గర ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లు ఎందరో యాత్రికులను తీసుకుపోయిన వార్త కూడా చదివాను. చదివీ, విన్నది నీళ్లు వదిలే ముందు మోగించే సైరనని గుర్తుపట్టలేదు. వాన లేదు, మబ్బు లేదు, చప్పుడు లేదు. రాతి అంచున విప్పి పెట్టిన నా చెప్పులు తేలిపోతుంటే అప్పుడు చూశాను. తమ్ముణ్ని లేపి దిగేసరికి నీళ్లు నడుము దాకా వచ్చాయి. వాడికి ఈత రాదు. వాడి మణికట్టు ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, నా గోళ్ల గాట్లు వారం దాకా మానలేదు. రమ్మని తీసుకెళ్లింది నేను. కూర్చుందామన్నదీ నేనే.

అందుకని బతిమాలుతున్నాను. కూర్చోవాలంటే గట్టు మీద, చెట్టు కింద కూర్చో. ఇసుక తిన్నె ఎంత అందంగా ఉన్నా దిగకు. సైరన్ వింటే సంచీ కోసం కూడా ఆగకుండా గట్టెక్కు. స్నానం చేయాలనిపిస్తే ఊరివాళ్లు చేసే ఘాట్‌లోనే, మెట్ల మీద కూర్చుని చెయ్యి. నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో పడవవాళ్లకు తెలుస్తుంది, ముందే అడుగు. మొహమాటపడతావేమో, నీకు చిన్నప్పటి నుంచీ ఆ జబ్బు ఉంది.

చెప్పుల్లేకుండా మిగతా దారి నడిచాను. ఒక ముసలావిడ నన్ను ఆపి, కూర్చోబెట్టి, కాళ్లకు పాత చీర చింపి కట్టింది. ఆ బాటంటే నాకు ఇప్పటికీ ప్రేమే, వెళ్లొద్దని అనలేకపోవడం అందుకే.

మేజోళ్లు రెండు జతలు పంపుతున్నాను. మండలేశ్వర్ చేరగానే ముందు మీ నాన్నకు ఫోను చెయ్యి. వాడు ఆ రోజంతా ఫోను దగ్గరే కూర్చుంటాడు.

మీ అత్తయ్య