ఎన్నారై సందేహాలు: మైనస్ 20లో కెమెరా పట్టుకోవాలంటే

ప్రశ్న: జనవరిలో ఎమ్మెస్‌కి అమెరికాలో మినెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ వెళ్తున్నాను. ఉప్పలపాడులో పక్షుల ఫొటోలు తీయడం నాకు అలవాటు. అక్కడి చలిలో షూటింగ్‌కీ, కారులో పెట్టుకునే ఎమర్జెన్సీ కిట్‌కీ ఎలాంటి గ్లవ్స్ కొనాలి? విజయవాడలోనే కొనేసి పట్టుకెళ్లొచ్చా? - ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బాబూ, నీ చివరి ప్రశ్నకు ముందు చెప్తాను. వద్దు. నేను కొన్నాను కాబట్టే వద్దంటున్నాను.

ప్రస్తుతం సెలవు మీద వచ్చి అరండల్‌పేటలో అమ్మ దగ్గర ఉన్నాను. డిసెంబరు నెలలో కూడా పైన ఫ్యాను తిరుగుతోంది. ఎదురింటాయన మాత్రం మంకీ క్యాప్ పెట్టుకుని పాల ప్యాకెట్‌కి వెళ్తున్నాడు. ఇక్కడ కూర్చుని అక్కడి చలి ఎలా ఉంటుందో ఊహించడం ఎవరివల్లా కాదు. 2007 జనవరిలో నేనూ నీలాగే ఇదే మినియాపొలిస్‌లో దిగాను. డాలరు అప్పుడు 44 రూపాయలు. బయల్దేరే ముందు బీసెంట్ రోడ్డులో గంటసేపు బేరమాడి నల్ల తోలు గ్లవ్స్ కొన్నాను, బండి నడిపేవాళ్లు వేసుకునే రకం. అతను 400 చెప్తే 250కి దింపానని చుట్టాలందరికీ చెప్పుకున్నాను. వేళ్లకు అతుక్కుని చూడటానికి మంచి స్టైలుగా ఉండేవి.

ఆ అతుక్కోవడమే కొంప ముంచింది. ఫిబ్రవరిలో రూమ్మేట్ కారులో వబాషా వెళ్లాం, గంటన్నర దారి. అక్కడ మిసిసిపీ మీద పెపిన్ సరస్సు గడ్డకట్టినా, దాని దిగువన ప్రవాహం వడిగా ఉండి నీళ్లు తెరిచే ఉంటాయి. చేపల కోసం బాల్డ్ ఈగిల్స్, అంటే తెల్లతల గద్దలు, అక్కడికి చేరతాయి. ఉప్పలపాడు చెరువులో పెలికాన్లూ ఎర్రకాళ్ల కొంగలూ చూసి పెరిగినవాణ్ణి, చెట్టుకు నాలుగైదు గద్దలు కనబడేసరికి ఒళ్లు తెలియలేదు. చలి మైనస్ 20 సెల్సియస్, పైగా నది మీది గాలి. భుజాన అల్యూమినియం ట్రైపాడ్. ఆ లోహం చేతిలో ఉన్న వేడినంతా పీల్చేసుకుంటుందని నాకెవరు చెప్పారు? గ్లవ్‌తో బటన్లు అందడం లేదని కుడిచేతిది తీసి జేబులో పెట్టుకున్నాను. పావుగంటకు వేళ్ల నొప్పి పోయింది. అలవాటు పడ్డాను కాబోలు అని సంతోషపడ్డాను కూడా!

అలవాటు కాదు, స్పర్శ పోయింది. రెండు వేళ్ల చివర్లు కొవ్వొత్తి రంగుకు తిరిగాయి. రూముకు వచ్చాక కుళాయి వేడిగా తిప్పి చెయ్యి పెట్టాను. ఎంత వేడో తెలియలేదు. రక్తం తిరిగి రావడం మొదలయ్యాక తెలిసింది. ఎండుమిర్చి తొడిమలు తీసిన రాత్రి చేతులు మండుతాయే, దానికి పదింతలు. నీళ్లు గోరువెచ్చగానే ఉండాలి, వేళ్లను రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. ఇవన్నీ మర్నాడు క్లినిక్‌లో నర్సు చెప్పింది. పొక్కులు పదిరోజుల్లో మానాయి. బిల్లు మాత్రం మానలేదు. ఇన్సూరెన్స్ పోను నా వాటా 380 డాలర్లు. 44తో గుణించి చూడు, 16,720 రూపాయలు. నా వంతు అద్దె నెలకు 325 డాలర్లు. 250 రూపాయల గ్లవ్స్ వల్ల ఒక నెల అద్దె కంటే ఎక్కువ పోయింది.

అంత జరిగినా బుద్ధి రాలేదు. పది డాలర్లకు ఊలు గ్లవ్స్ కొన్నాను, గాలి సూటిగా లోపలికొచ్చేది. పదిహేనుకు ఫోను తాకే రకం కొన్నాను, ఫోను పనిచేసింది, వేళ్లు పనిచేయలేదు. ఇరవైకి స్కీయింగ్‌వి కొన్నాను, వెచ్చగానే ఉన్నాయి గానీ షట్టర్ నొక్కానో లేదో తెలిసేది కాదు. మొత్తం 45 డాలర్లు. ఇంకో పదిహేను వేసి ఉంటే మొదటి ఏడాదే మంచి సెట్టు వచ్చేది. మీ తరానికి పది రివ్యూలు చూసి కొనే సుఖం ఉంది. మేం వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నాం.

ఇక నేను వాడేది చెప్తాను. లోపల చేతికి పల్చటి లైనర్, మెరినో ఊలుది గానీ పాలిస్టర్‌ది గానీ. నూలుది వద్దు, చెమట పట్టిందంటే తడిగుడ్డ కట్టుకున్నట్టే. దానిపైన మిట్టెన్, అంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేది. వేళ్లు ఒకదాని వేడి ఇంకోటి పంచుకుంటాయి, అందుకే ఐదువేళ్ల గ్లవ్ కంటే అది వెచ్చన. ఫొటోలు తీసేవాళ్లకు మూత వెనక్కి మడిచే మిట్టెన్లు దొరుకుతాయి. గద్ద ఎగరబోతోందంటే మూత మడిచి లైనర్ వేలితో షట్టర్ నొక్కు, అయిపోగానే మూసెయ్యి. కాస్త వదులుగా ఉన్నదే తీసుకో, బిగుతైతే రక్తం ఆడదు. కొనేముందు షాపులోనే రెండు చేతులకూ వేసుకుని, నీ కెమెరా తీసి డయల్ తిప్పి చూడు. సేల్స్ వాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకు, డబ్బు నీది. రెండు మిట్టెన్లకూ తాడు కట్టి కోటు చేతుల్లోంచి దూర్చుకో. చిన్నపిల్లల్లా ఉంటుందని నవ్వుతారు, నవ్వనీ. గాలికి ఒక మిట్టెన్ నదిలో పడితే రెండోదానికి ధర ఉండదు.

బ్యాటరీతో వేడెక్కే గ్లవ్స్ కూడా ఉంటాయి గానీ ఖరీదు. చదువుకునే పిల్లాడికి అవి అనవసరం. దాని బదులు హ్యాండ్ వార్మర్ ప్యాకెట్లు తీసుకో. వాటిలో ఉండేది ఇనుప పొడి. గాలి తగిలితే తుప్పు పడుతూ వేడినిస్తుంది. గాలి తగలకపోతే ఆగిపోతుంది. అందుకే సగం వాడినదాన్ని జిప్ కవర్లో గాలి తీసి మూసి పెడతాను, మర్నాడు మళ్లీ పనికొస్తుంది. మా ఆవిడ దీన్ని పిసినారితనం అంటుంది. పద్దెనిమిదేళ్లలో ఎంత మిగిలిందో లెక్క రాస్తే అప్పుడు తెలుస్తుంది ఆవిడకు.

స్పేర్ బ్యాటరీ చొక్కా లోపలి జేబులో ఉండాలి, చలికి ఛార్జ్ ఇట్టే పడిపోతుంది. ఇంట్లోకి వచ్చేముందు కెమెరాను కవర్లో పెట్టి మూసెయ్యి, లేకపోతే లెన్స్ నిండా తేమ పడుతుంది. విమానంలో స్పేర్ బ్యాటరీలు చెకిన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోనే. మిగతా రూల్స్ ఎయిర్‌లైన్ సైట్‌లో ఉంటాయి. ఇంకోటి, గద్ద ఈక కింద రాలి ఉన్నా తీసుకుని దాచుకోకు, అక్కడ అది నేరం. జరిమానా మొదటిసారికే లక్ష డాలర్ల దాకా వేయొచ్చు. లక్ష రూపాయలు కాదు బాబూ, లక్ష డాలర్లు.

కారు కిట్ సంగతి. సేల్‌లో ముప్పై డాలర్లకు వచ్చిందని రెడీమేడ్ కిట్ కొని డిక్కీలో పడేశాను. 2011లో మంచు తుఫానులో హైవే పక్కన మూడు గంటలు ఇరుక్కుపోయినప్పుడు మొదటిసారి తెరిచాను. అందులో గ్లవ్స్ ఉన్నాయి, హోటల్లో ఇడ్లీ పెట్టేవాళ్లు వేసుకునే పల్చటి నైట్రైల్‌వి! రక్తం అంటకుండా కట్టు కట్టడానికి అవి కావాల్సిందే, కానీ చలికి ఏమాత్రం అడ్డు కావు. కాబట్టి వాటితోపాటు ఇంకో రెండు జతలు పెట్టు. టైరు మార్చడానికీ పార పట్టుకోవడానికీ గరుకు పనిగ్లవ్స్ ఒకటి, పెద్ద మిట్టెన్లు ఒకటి. మినెసోటా వాళ్లు చాపర్స్ అంటారు, పైన తోలు, లోపల ఊలు. పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి, నేను 12 డాలర్లకు తీసుకున్నాను. తర్వాత దుప్పటి, టార్చి, చిన్న పార, ఫోను ఛార్జర్, తినడానికేమైనా. ఇరుక్కుపోతే కారు వదిలి నడవొద్దు. పొగ గొట్టం చుట్టూ మంచు తోసేశాకే ఇంజిన్ వెయ్యి, అదీ గంటకు పది నిమిషాలు. గొట్టం మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. ఆ మంచు తోయడానికైనా చేతికి గ్లవ్స్ కావాలి కదా.

ఇప్పుడు డాలరు 44 కాదు, దానికి దాదాపు రెట్టింపు. నీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. చలి సామాన్లు ఫిబ్రవరి చివర్లో, మార్చిలో తగ్గింపుకు వస్తాయి. కారు కిట్‌లోవి అప్పుడు తీసుకో, కారు కొనడానికైనా అంత టైం పడుతుంది. చేతికి వేసుకునేవి మాత్రం ఆగకు, దిగిన వారంలోనే కొను.

ఈ నెలాఖరు దాకా ఊళ్లోనే ఉంటాను. సాయంత్రం పూట వస్తే నా పాత లైనర్ల జత ఒకటి ఇస్తాను, ఉతికే ఉంది, అక్కడ 20 డాలర్ల సరుకు. ఆ బీసెంట్ రోడ్డు గ్లవ్స్ మాత్రం అడక్కు. అవి అమ్మ దగ్గరున్నాయి, ఏటా కారానికి మిర్చి తొడిమలు తీసేటప్పుడు వేసుకుంటోంది.