జీఆర్‌ఈ స్కోరు చెప్పేదెంత?

ప్రశ్న: బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చివరి సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ (డీపీటీ) కోర్సుకు దరఖాస్తు చేయాలని ఉంది. మొదటి రెండేళ్లలో మార్కులు తక్కువ వచ్చాయి, తరువాత పుంజుకున్నాను. జీఆర్‌ఈ (అమెరికా పీజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) మళ్లీ రాయమంటారా? అసలు ఎవరు రాణిస్తారో స్కోర్లు చూసి ముందే చెప్పగలరా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: రాణించడమంటే ఏమిటన్న దానిని బట్టి సమాధానం మారుతుంది. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ వంటి బరువైన సబ్జెక్టులు గట్టెక్కడం, చివరన 200 నుంచి 800 వరకు ఉండే స్కేలుపై 600 తెచ్చుకుని లైసెన్సు పరీక్ష నెగ్గడం – ఈ రెండింటినీ డిగ్రీ మార్కులు, ముఖ్యంగా సైన్సు మార్కులు, కొంతవరకు జీఆర్‌ఈ స్కోరు ఓ మోస్తరుగా సూచించగలవు. రోగితో మాట్లాడే తీరు, చికిత్సలో నేర్పు విషయంలో మాత్రం వాటి సూచన బలహీనమే. క్లినికల్ శిక్షణలో దాదాపు అందరికీ మంచి గ్రేడ్లే పడటంతో, అక్కడ ఎవరు మెరుగో తేల్చడానికి కొలమానమే సరిగా ఉండదు.

ఇంకో చిక్కుంది, దీనిని చాలామంది గమనించరు. అధ్యయనాలన్నీ సీటు వచ్చినవారిపైనే జరుగుతాయి. తక్కువ స్కోరుతో తిరస్కరణకు గురైనవారు చేరి ఉంటే ఎలా చదివేవారో ఎవరికీ తెలియదు. ఒకే ఇంజనీరింగ్ కళాశాలలో పక్కపక్క ర్యాంకులతో చేరినవారిలో ర్యాంకును బట్టి ఎవరు ముందుంటారో చెప్పలేకపోవడం లాంటిదే ఇది. కాబట్టి సంబంధం బలహీనంగా కనబడినంత మాత్రాన స్కోరు దండగని తీర్మానించకూడదు.

అంకెలకు అందని గుణాలను పట్టుకోవడానికి కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఈ శతాబ్ది తొలి ఏళ్లలో, వైద్య కోర్సుల కోసం, ఒక్కో పరీక్షకుని వద్ద కొద్ది నిమిషాల చొప్పున సాగే చిన్న చిన్న ఇంటర్వ్యూల పద్ధతి తెచ్చింది. ఒకే సుదీర్ఘ ఇంటర్వ్యూ కన్నా, పలువురు విడివిడిగా ఇచ్చిన మార్కుల సగటు నమ్మదగినదని నా అభిప్రాయం కూడా.

ఇక మీ సంగతి. ఇప్పుడు జీఆర్‌ఈ అడగని డీపీటీ కళాశాలలు చాలానే ఉన్నాయి. ముందు మీ జాబితాలో ఎన్ని అడుగుతున్నాయో చూడండి. అడిగేవి ఎక్కువై, వెర్బల్ (ఇంగ్లిష్ భాషా విభాగం) స్కోరు బాగా తక్కువైతేనే మళ్లీ రాయండి, రెండు మూడు పాయింట్ల కోసం వద్దు. చివరి 60 క్రెడిట్ల (దాదాపు చివరి రెండేళ్ల చదువు) సగటును విడిగా లెక్కించే కళాశాలలు మీకు అనుకూలం. మీ మార్కులను అమెరికా గ్రేడ్లతో పోల్చి చూపే మూల్యాంకనం చేయించేటప్పుడు సబ్జెక్టులవారీ నివేదికనే కోరండి. మీరు పుంజుకున్న సంగతి అందులోనే స్పష్టంగా కనిపిస్తుంది.