వాల్వుల యాంప్లిఫయరు మొదలుపెట్టిన బిడ్డకు

దేవరకొండ

బిడ్డా,

నువ్వు వాల్వుల (పాత రేడియోలల్ల వెలిగే గాజు గొట్టాలు) యాంప్లిఫయరు కడుతున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. "పాత రేడియో సామాను ముందలేసుకొని కూసుంటున్నది, రాత్రి ఎంతకూ లైటు ఆర్పుతలేదు" అన్నది. సంబరమైంది. ఆ ఎంబడే భయం పట్టుకున్నది. నీకు అలవాటైంది అయిదు వోల్టుల ఆర్డుయినో బోర్డులు. చిప్పు కాలుతున్నదా అని వేలు పెట్టి చూస్తవు. ఇక్కడ వందల వోల్టులుంటయి, గా అలవాటు పనికిరాదు. ఫోన్ల చెప్తే ఆ, ఆ అనుకుంట వింటవు. కాయితమైతే నీ బల్ల మీద ఉంటదని రాస్తున్న.

రెండు చానళ్ల స్టీరియో ఇప్పుడే వద్దు. ఒక్క చానల్ చాలు. వాల్వులు మూడు: ముందు సిగ్నలు పెంచేటందుకు ఇసిసి83, వెనక స్పీకరును నడిపేటందుకు ఇఎల్84, ఏసీని డీసీ చేసే రెక్టిఫయరుకు ఇజెడ్81. అయిదు వాట్లు వస్తది, మీ ముందరి అర్రకు అది ఎక్కువే. కోఠి గుజరాతీ గల్లీల అడిగి చూడు. బెంగుళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కంపెనీ పాత వాల్వులు దొరికితే విడిచిపెట్టకు. ఈ మూడు వాల్వులకూ తొమ్మిది పిన్నులే, ఏ వాల్వు ఏ బేసులనైనా (వాల్వు కూసునే సాకెట్టు) పడుతది. తారుమారు కాకుంట బేసు పక్కన పేరు రాసిపెట్టు.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు 250-0-250 వోల్టులు, 100 మిల్లీఆంపులు. హీటర్లకు, అంటే వాల్వు లోపల వేడెక్కే తీగలకు, 6.3 వోల్టులు, 3 ఆంపులు. మూడు వాల్వుల హీటర్లు కలిపి రెండు ఆంపులు దాటుతయి, అందుకే మూడు. స్పీకరుకు కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు 5 వేల ఓములకు 8 ఓములది. దాన్ని బోరు మోటర్లు చుట్టే షాపుల చేయించకు. ఆయన చెయ్యి మంచిదే, పనే వేరు. దీంట్లకెల్లి 48 మిల్లీఆంపుల డీసీ ఎప్పుడూ పోతనే ఉంటది. ఇంగ్లీషు E ఆకారం రేకులన్నీ ఒక దిక్కు, I ఆకారం రేకులన్నీ ఒక దిక్కు పెట్టి నడుమ కాయితం సందు ఇయ్యకుంటే కోరు (లోపలి ఇనుప దిమ్మ) అయస్కాంతంతోని నిండిపోయి పాట గరగరమంటది. పాత రేడియోల ట్రాన్స్‌ఫార్మరు ఊడదీద్దామనుకుంటే ముందు వాల్వుల పేర్లు చూడు. యుఎల్84, యుసిఎల్82 లెక్క యు తోని మొదలైతే ఆ సెట్ల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. చాసిస్ (సామాను బిగించే లోహపు పళ్లెం) నేరుగ కరెంటు మీదనే ఉంటది. దాని జోలికి పోకు.

చాసిస్‌కు బోల్టు వేసి ప్లగ్గు మూడో పిన్ను పచ్చ (ఎర్తు) తీగ అక్కడ బిగించు. సోల్డరు ఒక్కదాన్నే నమ్మకు. మన దిక్కు చానా ఇండ్లల్ల ఆ మూడో బొక్క వెనక తీగనే ఉండది. ఉన్నా ఎండాకాలం నేల రాయి లెక్క ఎండుతది. కరెంటు పనాయనను పిలిచి ఎర్తు మంచిగున్నదా చూపించు. ఎర్తు గుంతల అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పొయ్యమని మీ నాయనకు చెప్పు. ఇంట్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు) ఉన్నది గదా అని ధైర్యం పడకు. ట్రాన్స్‌ఫార్మరు దాటినంక కరెంటు నిన్ను పట్టుకుంటే దానికి తెల్వదు.

ఇగ అసలు సంగతి. ఈ పని నేర్చుకునేటోళ్లందరు చేసే పాత తప్పు ఒకటున్నది, ప్లగ్గు పీకినంక సెట్టు సచ్చిందనుకునుడు. నా చూపుడువేలు మీద తెల్లమచ్చ ఏందని చిన్నప్పుడు అడిగేదానివి. అది గిదే.

మంచిగ పాడే సెట్టే ఈ తప్పు నేర్పిస్తది. స్విచ్ ఆపినా ఇఎల్84 కొంచెంసేపు వేడిగనే ఉంటది. ఆ వేడితోని కరెంటు గుంజుతనే ఉంటది, ఫిల్టరు కెపాసిటర్లల్ల (కరెంటు నిల్వ ఉంచేవి) ఉన్నదంత తాగేస్తది. పాట సన్నబడి ఆగుతది. మూత తీసి చెయ్యి పెడితే ఏం కాదు. పదిసార్లు పెట్టినా ఏం కాదు. అట్ల ఉండంగ ఒకనాడు సెట్టు పాడదు. హీటరు తెగిందో, ఇఎల్84 మూడో పిన్ను మీది కేథోడు రెసిస్టరు కాలిందో, వాల్వే బేసుల సరిగ కూసోలేదో. కరెంటు తాగేటోడు లేడు. పాడేటప్పుడు 260 కాడ ఉండే వోల్టేజీ 350కి ఎక్కి, ప్లగ్గు పీకినా గక్కడ్నే నిలబడతది. నువ్వు మూత తీసి చెయ్యి పెట్టేది సరిగ్గ ఆ దినమే.

టెస్టరు పెట్టి చూసిన, వెలగలేదంటవు. చాసిస్‌కు ఎర్తు లేకుంటే కెపాసిటర్ల ఎంత ఉన్నా టెస్టరు వెలగకపోవచ్చు. డీసీ వెయ్యి వోల్టుల రేంజిల మీటరు పెట్టి చూడు, వేరే దారి లేదు. స్క్రూడ్రైవరుతోని రెండు కొసలు కలిపి టప్పుమనిపిస్తరు కొందరు. కొస కరుగుతది, కెపాసిటరు లోపల దెబ్బ తింటది, కంట్ల నిప్పురవ్వ పడుతది. 10 కె (పది వేల ఓములు), 10 వాట్ల వైరు రెసిస్టరుకు రెండు దిక్కుల క్లిప్పులు వేసి, పైన స్లీవు తొడుగు. నల్ల క్లిప్పు ముందుగాల చాసిస్‌కు, ఎర్ర క్లిప్పు కెపాసిటరు ప్లస్సుకు, అయిదు సెకండ్లు పట్టు. మీటరు చూడు. పని అయ్యేదాకా ఆ క్లిప్పు తియ్యకు. ఖాళీ అయిన కెపాసిటర్ల బాయిల నీళ్లూరినట్టు వోల్టేజీ మళ్ల ఊరుతది.

ఇది కాక బ్లీడరు, అంటే కెపాసిటరును తనంతట తానే ఖాళీ చేసే రెసిస్టరు, వెయ్యి. 100 కె, 2 వాట్లవి రెండు వరసగ, ప్రతి 47 మైక్రోఫారడ్ కెపాసిటరు మీద ఒక జత. ఒక్క పావు వాట్ రెసిస్టరు పెడితే అది 350 వోల్టులకు ఆగదు, ఎప్పుడో తెగుతది, తెగిన సంగతి నీకు తెల్వది. మొదటి కెపాసిటరుకు ఒక్కటుంటే చాలదా అంటవేమో. రెండు కెపాసిటర్ల నడుమ ఉండే 470 ఓముల రెసిస్టరు కాలిందనుకో, రెండో కెపాసిటరు నిండుగనే మిగులుతది. అందుకే దేనికదే. జత ఉంటే నలభై సెకండ్లల్ల అయిదు వోల్టులకు దిగుతది. అయినా మీటరు పెట్టు. కెపాసిటర్లు 450 వోల్టులవే తేవాలె, 350వి అగ్గువకు వస్తున్నయని తేకు.

మొదటిసారి సిరీస్ బోర్డు (సెట్టుకు పోయే కరెంటు బల్బుల నుంచి పోయే బోర్డు) మీద 60 వాట్ల తీగ బల్బు పెట్టి ఆన్ చెయ్యి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. ఒక్కసారి మెరిసి మందగిస్తే మంచిదే. వెలుగు తగ్గకుంటే ఆపెయ్యి, ఎక్కడనో షార్టున్నది. స్పీకరు కలపకుంట ఎప్పుడూ ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లోపల కాలుతది. బల్బు తీసినంక ఇఎల్84 మూడో పిన్ను మీద 135 ఓముల రెసిస్టరు కాడ ఏడు వోల్టుల పైన రావాలె. రెండో పిన్ను మీద సున్నా. అక్కడ ప్లస్ వోల్టేజీ కనబడితే కప్లింగు కెపాసిటరు (ముందు వాల్వు నుంచి సిగ్నలు తెచ్చేది) లీకు, కొద్దిసేపట్ల వాల్వు లోపలి ప్లేటు ఎర్రగైతది. పాత కాయితం కెపాసిటరు ముద్దుగున్నదని పెట్టకు. కొత్తది, 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టులది వెయ్యి.

గుయ్‌మంటే హీటరు తీగలు జడ లెక్క అల్లి చాసిస్ మూలకు అదిమిపెట్టు, 100 ఓముల రెసిస్టర్లు రెండు వేసి నడుమ గ్రౌండు చెయ్యి. ఫీడ్‌బ్యాకు (స్పీకరు దిక్కు నుంచి సిగ్నలు మళ్ల ముందటికి తెచ్చే తీగ) కలపంగనే ఊళ వేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ (స్పీకరు దిక్కు) తీగలు తారుమారు చెయ్యి. ఇవన్నీ నీకు వస్తయి, నాకు రంది లేదు.

ఇంకొకటి. మీటరు పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి వెనకకు పెట్టుకో. గాజులు తీసెయ్యి, మెడల గొలుసు కూడ. వంగితే ఊగి లోపల తగులుతది. వట్టికాళ్లతోని కూసోకు. నిద్ర వస్తుంటే ముట్టనే ముట్టకు. రాత్రి రెండింటికి ఏం పని నీకు?

ఆదివారం పొద్దుగాల బస్సుకు వస్త. క్లిప్పుల రెసిస్టరు నేనే చేసి తెస్త, సిరీస్ బోర్డు కూడ. అందాక ఇజెడ్81 బేసుల పెట్టకు. మిగతా రెండింటి హీటర్లు వెలుగుతున్నయా చూసుకో, చాలు. వాల్వు లేకున్నా ఆ బేసుల 1, 7 పిన్నుల నడుమ 500 వోల్టులుంటది, పైన టేపు వేసి పెట్టు.

మీ పెద్దనాయన